పేటెంటా, డిజైనా, గుట్టా? మిషన్ బయటపెట్టే ముందే తేల్చుకోండి

మొన్న ఆదివారం రాజాం నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మావయ్యా, మిషన్ రెడీ అయిపోయింది. వచ్చే నెల ఎగ్జిబిషన్‌లో స్టాల్ తీసుకుంటున్నాను. పేటెంట్‌కి వెళ్లమంటావా, డిజైన్ రిజిస్ట్రేషన్ చేయిస్తే సరిపోతుందా?"

"అది తర్వాత చూద్దాం. ఇప్పటిదాకా దాన్ని ఎవరెవరు చూశారో ముందు చెప్పు" అన్నాను.

వాడు కాసేపు ఆలోచించి, తనూ, వాళ్లావిడా, షాపులో పనిచేసే ఇద్దరు కుర్రాళ్లూ తప్ప ఎవరూ చూడలేదన్నాడు. నా ప్రాణం కుదుటపడింది.

వాడు చేసింది సామల పొట్టు తీసే చిన్న మిల్లు. వంటింటి గట్టు మీద పెట్టుకునే సైజు. పార్వతీపురం వైపు కొండ ఊళ్లలో ఆడవాళ్లు సామలు దంచడం చూసినవాళ్లకు ఆ కష్టం తెలుస్తుంది. గింజ ఆవగింజ కన్నా కాస్త పెద్దది, పొట్టు మాత్రం వదలదు. ఆ మిల్లు లోపల ఏముందో ఇక్కడ ఒక్క ముక్క కూడా రాయను. రాశానంటే నా చేత్తోనే వాడి పేటెంట్‌కు గండి కొట్టినవాణ్ణవుతాను. ఎందుకో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

నేను కాశీబుగ్గలో 22 ఏళ్లుగా లేత్ షాపు నడుపుతున్నాను. జీడి ఫ్యాక్టరీలకు కట్టర్లు, బ్లేడ్లు చేసి ఇస్తాం. కొత్తగా ఏదైనా చేసినవాడి ముందు, దాన్ని ఇంకొకరు కాపీ కొట్టకుండా కాపాడుకోవడానికి మూడు నాలుగు దారులుంటాయి. వాటిలో ఒక దారిలో బాగుపడ్డాను. ఇంకో దారిలో తెలియక నష్టపోయాను. నష్టపోయిన కథే ముందు చెబుతాను.

నా కట్టర్ ఎలా పోయిందంటే

ఉడికించి ఆరబెట్టిన జీడిపిక్కను రెండు బ్లేడ్ల మధ్య పెట్టి కాలితో పెడల్ తొక్కుతారు. బ్లేడ్లు పెంకులోకి దిగుతాయి. చేత్తో లివర్ తిప్పితే పెంకు విడిపోతుంది. లోపలి పప్పు గుండుగా రావాలి. బద్ద అయిందంటే రేటు పడిపోతుంది. అందులోనూ పెంకులోని జీడి తగిలితే చర్మం కాలుతుంది కాబట్టి, ఆ పని చేసేవాళ్లు చేతులకు ఆముదమో బూడిదో రాసుకుని గబగబా పని చేస్తుంటారు.

చిక్కల్లా పిక్కలన్నీ ఒకే మందం ఉండకపోవడమే. పెద్ద పిక్కకు సరిపెట్టిన బ్లేడు చిన్నదానికి అందదు. చిన్నదానికి సరిపెడితే పెద్దదాని పప్పులోకి దిగిపోతుంది. నేను ఒక క్యామ్, ఒక స్ప్రింగు పెట్టి, పిక్క మందాన్ని బట్టి బ్లేడు తనంతట తానే ఆగేలా చేశాను. రెండేళ్లు రాత్రిళ్లు కూర్చుని చేసిన పని అది. మూడు ఫ్యాక్టరీలకు ఇచ్చాను. డబ్బు తీసుకున్నాను. ఒకాయన ముచ్చటపడి వీడియో తీసి నలుగురికీ పంపాడు. దీపావళి నాటికి ఇంకో రెండు షాపుల్లో అదే కట్టర్ తయారవుతోంది.

అప్పుడు విశాఖపట్నంలో పేటెంట్ అప్లికేషన్లు రాసిపెట్టే ఒక ఏజెంట్ దగ్గరికి పరుగెత్తాను. ఆయన డ్రాయింగు కూడా చూడలేదు. "మొదటిది ఎప్పుడు అమ్మారు?" అని అడిగాడు. ఏడు నెలలైందన్నాను. నోట్‌బుక్ మూసేశాడు. "మీరు అమ్మిన రోజే అది పదిమందికీ తెలిసిపోయినట్టు లెక్క. ఇక చట్టం దృష్టిలో అది కొత్తది కాదు" అన్నాడు. నా కొత్తదనాన్ని చెడగొట్టింది పక్క షాపువాడు కాదు, నేను రాసిచ్చిన బిల్లు.

అమెరికాలో అయితే కనిపెట్టినవాడే బయటపెట్టినప్పుడు ఏడాది గడువు ఉంటుంది. మన దగ్గర ఆ వెసులుబాటు అందరికీ లేదు. కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించిన ఎగ్జిబిషన్‌లో చూపిస్తే 12 నెలల లోపు అప్లికేషన్ వేసుకోవచ్చు. జనం మధ్య నడిపి చూస్తే తప్ప తేలని మిషన్ అయితే, నిజంగా ట్రయల్ కోసమే నడిపినా ఏడాది మినహాయింపు ఉంది. ఊళ్లో జరిగే మామూలు ఎగ్జిబిషన్లు, వాట్సాప్ వీడియోలు, యూట్యూబ్ ఛానళ్లు ఈ మినహాయింపులోకి రావు. డిజైన్ రిజిస్ట్రేషన్‌కూ ఇదే గండం. ముందే బయటపడిన డిజైన్‌ను రిజిస్టర్ చేయించుకున్నా, ఎవరైనా సవాలు చేస్తే రద్దవుతుంది.

కాబట్టి ఏ దారి ఎంచుకున్నా సరే, ఎంచుకునేదాకా మిషన్ మీద టార్పాలిన్ తీయకండి. చూపించక తప్పనివాళ్లతో గోప్యత కాగితం మీద సంతకం పెట్టించుకుని చూపించండి.

ఎంపికకు నేను వాడే ప్రశ్న

"పేటెంట్ మంచిదా, డిజైన్ మంచిదా" అని అడిగితే జవాబు దొరకదు. మిషన్‌ను విడదీసి, ఒక్కో భాగం దగ్గర ఆగి, "దీన్ని కొన్నవాడు స్పానర్ పట్టుకుని విప్పితే గుట్టు తెలిసిపోతుందా?" అని అడగండి.

తెలిసిపోతుంది, అందులోని కొత్తదనం పనితీరులో ఉంది అంటే పేటెంట్ దారి చూడండి. విప్పక్కర్లేదు, చూడగానే తెలుస్తుంది, కొత్తదనం రూపంలోనే ఉందంటే డిజైన్. విప్పి, కోసి, కొలిచినా తెలియదంటే గుట్టుగా ఉంచుకోవడమే మేలు. ఒకే మిషన్‌లో ఈ మూడూ ఉండొచ్చు. మిక్సీనే చూడండి. లోపలి కప్లింగ్ ఒకటి, బయటి జార్ ఆకారం ఒకటి, బ్లేడుకు పట్టించిన గట్టిదనం ఒకటి. మూడింటికీ ఒకే తాళం వేయాలని చూస్తే కుదరదు.

పేటెంట్: బలం ఉంది, బరువూ ఉంది

మన పేటెంట్ల చట్టం 1970 నాటిది. 2005 దాకా మూడు సార్లు పెద్ద మార్పులు జరిగాయి. పేటెంట్ వస్తే, మన అనుమతి లేకుండా ఇంకెవరూ దాన్ని చేసి అమ్మకుండా ఆపే హక్కు అప్లికేషన్ వేసిన తేదీ నుంచి 20 ఏళ్లు ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ వాళ్లకు సంబంధించిన ఆఫీసు చెన్నైలో ఉంది. ఆన్‌లైన్‌లో వేసుకోవచ్చు కాబట్టి రైలెక్కే పనిలేదు.

పేటెంట్ రావాలంటే మూడు ఉండాలి. ప్రపంచంలో ఎక్కడా ముందు బయటపడి ఉండకూడదు. ఆ పని తెలిసినవాడికి "ఇదేముంది, ఎవరికైనా తడుతుంది" అనిపించేది కాకూడదు. తయారీలోనో వాడకంలోనో పనికిరావాలి. మనలాంటి షాపులవాళ్లు ఎక్కువగా రెండోదాని దగ్గరే బోల్తా పడతాం.

దీనికి మనం తెలుసుకోవాల్సిన కేసు ఒకటుంది. ఉత్తరప్రదేశ్‌లోని మీర్జాపూర్‌లో ఒక కంపెనీ, మెరుగు పెట్టేముందు గిన్నెలు లేత్ మీద తిప్పేటప్పుడు వాటిని గట్టిగా పట్టి ఉంచే ఏర్పాటుకు 1951లో పేటెంట్ తీసుకుంది. పక్క కంపెనీ అదే వాడితే కేసు వేసింది. అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1978లో కోర్టు ఆ పేటెంట్ చెల్లదని తేల్చింది. అప్పటికే ఉన్న పద్ధతిని కాస్త మార్చారంతే, అది వర్క్‌షాపులో పనివాడు చేసుకునే సర్దుబాటే తప్ప కొత్త ఆవిష్కరణ కాదని చెప్పింది. బుడితిలో ఇత్తడి గిన్నెలు చేసేవాళ్లూ, బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లో చిన్న యూనిట్లు నడిపేవాళ్లూ ఈ తీర్పు గుర్తుపెట్టుకోవాలి. పాత మిషన్‌కు మోటారు తగిలించడం, రెండు తెలిసిన వస్తువుల్ని పక్కపక్కన బిగించడం పేటెంట్‌కు చాలదు. తెలిసిన పరికరాలు దేని పని అది చేసుకుంటూ ఒకచోట చేరితే దాన్ని ఆవిష్కరణగా లెక్కించనని చట్టమే చెబుతోంది.

ఇంకొన్నిటికీ తలుపు మూసే ఉంటుంది. సాగు పద్ధతికి పేటెంట్ ఇవ్వరు, సాగు పరికరానికి ఇస్తారు. తరతరాలుగా ఉన్న విద్యకూ ఇవ్వరు. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తిని శుభ్రం చేస్తారు కదా. ఆ సన్నని పళ్లు దూదిలోంచి చెత్తను ఎలా లాగేస్తాయో దగ్గరగా చూస్తే ఒళ్లు పులకరిస్తుంది. అది ఏ ఒక్కరి సొత్తూ కాదు. ఎవరూ దాన్ని తనదని రాయించుకోలేరు. ఆ పనిని కొత్త రకంగా చేసే మిషన్ కనిపెడితే మాత్రం దారి ఉంటుంది. గాయాలకు పసుపు వాడకం మీద 1995లో అమెరికాలో ఇచ్చిన పేటెంట్‌ను మన కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్ పోరాడి 1997లో రద్దు చేయించింది. ఇది మా అమ్మమ్మల నాటి వైద్యం అని పాత గ్రంథాలు చూపించి గెలిచారు.

ఇక డబ్బు. ఒక మనిషి పేరునో, స్టార్టప్ పేరునో, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న సంస్థ పేరునో ఆన్‌లైన్‌లో వేస్తే అప్లికేషన్ ఫీజు 1,600 రూపాయలు. పెద్ద కంపెనీలకు 8,000. 30 పేజీలు, 10 క్లెయిమ్‌లు (నా హక్కు ఇంతవరకు అని హద్దు చెప్పే వాక్యాలు) దాటితే అదనంగా కట్టాలి. పరిశీలించమని అడగడానికి మరో 4,000. దీన్ని మొదటి అప్లికేషన్ తేదీ నుంచి 31 నెలల లోపు అడగాలి. మరిచిపోతే అప్లికేషన్ వెనక్కి తీసుకున్నట్టే లెక్క. ఆఫీసు నుంచి అభ్యంతరాలతో రిపోర్టు వస్తుంది. దానికి 6 నెలల్లో జవాబివ్వాలి. మొదటి రెండేళ్లకు రెన్యువల్ లేదు. మూడో ఏడాది నుంచి ఏడాదికి 800తో మొదలై, 2,400, 4,800 అవుతూ, చివరి అయిదేళ్లు 8,000 చొప్పున కట్టాలి. మొత్తం 20 ఏళ్లూ నిలబెట్టుకుంటే రెన్యువల్‌కే 76,800 అవుతుంది. చాలామంది భయపడేంత మొత్తం కాదు ఇది. పైగా అమ్మకం లేకపోతే మధ్యలో ఆపేయొచ్చు.

అసలు ఖర్చు ఏజెంట్‌ది. అందుకని మొదటి రోజే "అప్లికేషన్ రాయడానికి ఎంత, అభ్యంతరాలకు జవాబు రాయడానికి ఎంత, వాదనకు హాజరైతే ఎంత" అని విడివిడిగా అడిగి కాగితం మీద రాయించుకోండి. గుర్తింపు పొందిన స్టార్టప్ అయితే కేంద్రం స్కీము కింద ఏజెంట్ ఫీజు ప్రభుత్వమే భరిస్తుంది, మీరు ఆఫీసు ఫీజు కడితే చాలు. పెద్ద చదువు లేకుండా సొంత తెలివితో కనిపెట్టినవాళ్లకు గాంధీనగర్‌లోని నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ పేటెంట్ పనుల్లో సాయపడుతుంది. తెలుగు రాష్ట్రాల్లో పల్లె సృజన అనే సంస్థ ఇలాంటివాళ్లను వెతికి పట్టుకుంటుంది. ఆలేరు చింతకింది మల్లేశం గారి ఆసు యంత్రం (చీర నేసేముందు నూలును చుట్టిపెట్టేది) సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఒక్క చీరకు సుమారు 9,000 సార్లు చేయి అటూ ఇటూ తిప్పి తల్లి భుజం పడిపోతుంటే చూడలేక ఆయన చేసిన మిషన్ అది. చూస్తే అర్థమైపోయే పనితీరు కాబట్టి దానికి పేటెంటే సరైన దారి. పేటెంట్ వచ్చింది, 2017లో పద్మశ్రీ కూడా వచ్చింది.

క్లెయిమ్ దగ్గర కక్కుర్తి పడకండి

పేటెంట్ కాగితాలకు ప్రాణం క్లెయిమ్‌లలో ఉంటుంది. మన పొలం సరిహద్దు రాళ్లలాంటివి అవి. నా కట్టర్ ఎలాగూ బయటపడిపోయింది కాబట్టి దాన్నే తీసుకుని చూపిస్తాను.

"కాలి పెడల్‌తో నడిచే జీడి కట్టర్, అందులో బ్లేడు వెనక రెండు అంగుళాల స్ప్రింగు" అని రాయించానే అనుకోండి. పక్కవాడు మూడు అంగుళాల స్ప్రింగు పెడతాడు. లేదా పెడల్ తీసేసి మోటారు పెడతాడు. నా గట్టు దాటి హాయిగా వెళ్లిపోతాడు. అదే "పిక్క మందాన్ని బట్టి బ్లేడు దిగే లోతును పరిమితం చేసే అమరిక గల కట్టర్" అని మొదలుపెడితే స్ప్రింగు పెట్టినా, రబ్బరు ముక్క పెట్టినా, గాలి పిస్టన్ పెట్టినా అందులోకే వస్తాడు. మరీ విశాలంగా రాస్తే అంతకుముందు ఎక్కడో, ఎవరో బాదం పెంకులకో అక్రోట్లకో చేసిన మిషన్ తగిలి మొత్తం పోతుంది. అందుకే మొదటి క్లెయిమ్ విశాలంగా, తర్వాతవి ఒక్కో మెట్టు ఇరుకుగా రాయిస్తారు. పై మెట్టు విరిగినా కింది మెట్టు మీద నిలబడొచ్చు.

ఈ పని చేసే ఏజెంట్ మీ షాపుకు వచ్చి మిషన్ తిప్పి చూడాలి. ఫోటోలు పంపండి, మూడు రోజుల్లో వేసేస్తాం అనేవాళ్ల చేతిలో పెట్టకండి. "దీన్ని వేరే విధంగా ఎలా చేయొచ్చు?" అని మిమ్మల్ని గుచ్చి గుచ్చి అడిగేవాడు మంచి ఏజెంట్.

మిషన్ ఇంకా పూర్తికాలేదంటే ప్రొవిజనల్, అంటే తాత్కాలిక అప్లికేషన్ వేయండి. ఇందులో క్లెయిమ్‌లు అక్కర్లేదు. కానీ కొత్తదనం ఏమిటో విడమరిచి రాయాలి. ఒక్క పేజీలో గీకి పడేస్తే, రేపు పూర్తి అప్లికేషన్‌లో కొత్తగా చేర్చినదానికి ఆ పాత తేదీ వర్తించదు. ప్రొవిజనల్ వేసిన రోజు నుంచి సరిగ్గా 12 నెలల్లో పూర్తి అప్లికేషన్ వేయాలి. నా దృష్టిలో చిన్నవాళ్లకు ఉన్న మేలైన అవకాశం ఇదే. 1,600 రూపాయలతో తేదీ మీ పేరు మీద పడుతుంది. ఆ ఏడాదిలో అమ్మి చూసి, జనానికి నచ్చిందో లేదో తెలుసుకుని అప్పుడు పెద్ద ఖర్చుకు దిగొచ్చు.

కాలం సంగతి కూడా లెక్క వేసుకోండి. ఫోటోకాపీ మిషన్ వెనకున్న పద్ధతిని చెస్టర్ కార్ల్‌సన్ 1938లో సాధించి, 1942లో అమెరికా పేటెంట్ పొందాడు. జనం ఎగబడి కొన్న జిరాక్స్ 914 మిషన్ వచ్చింది 1959లో. అప్పటి చట్టం ప్రకారం మంజూరైనప్పటి నుంచి 17 ఏళ్లే గడువు కాబట్టి, మొదటి పేటెంట్ ఆ ఏడాదే తీరిపోయింది. మధ్యలో చేసిన మెరుగులకు విడిగా పేటెంట్లు ఉండబట్టి కంపెనీ నిలదొక్కుకుంది. మీ మిషన్ రెండేళ్లలో పాతబడేదైతే, పేటెంట్ చేతికొచ్చేసరికి దాని పని అయిపోయి ఉండొచ్చు. అలాంటిదానికి త్వరగా పరిశీలించమని 8,000 కట్టి అడగొచ్చు. స్టార్టప్‌లకు, చిన్న సంస్థలకు, దరఖాస్తుదారుల్లో మహిళ ఉన్న వ్యక్తులకు ఆ వీలుంది.

పేటెంట్ వచ్చాక కాపీ కొట్టినవాడిని పోలీసులు వచ్చి పట్టుకుంటారని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. సివిల్ కేసు మీరే వేయాలి. జిల్లా కోర్టులో వేయొచ్చు. కానీ ఎదుటివాడు "అసలు ఆ పేటెంటే చెల్లదు, రద్దు చేయండి" అని ఎదురు దావా వేస్తే కేసు హైకోర్టుకు పోతుంది. ఆ టెన్షన్, ఆ ఖర్చు తట్టుకునే ఓపిక ఉందో లేదో ముందే చూసుకోవాలి. కేసు వేసే ఓపిక లేనివాడికి ఇంకో దారి, పెద్ద తయారీదారుకు లైసెన్స్ ఇచ్చి ఒక్కో మిషన్‌కు ఇంత అని తీసుకోవడం. మొత్తంగా అమ్మేయడానికి తొందరపడొద్దు. మనం రోజూ వాడే పిన్నీసుకు 1849లో పేటెంట్ తీసుకున్న వాల్టర్ హంట్ ఆ హక్కును 400 డాలర్లకు అమ్మేశాడు. ఆ తర్వాత లాభం ఎవరికి పోయిందో చెప్పనక్కర్లేదు.

గుట్టు: మా షాపును నిలబెట్టింది ఇదే

కట్టర్ పోయినా నా షాపు మూతపడలేదంటే కారణం బ్లేడు.

లారీ కమాను పట్టీ ఉక్కును ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే గట్టిపడుతుంది. అలాగే వదిలేస్తే గాజులా పెళుసుగా ఉంటుంది. అందుకని అంచును తళతళలాడేలా రుద్ది మళ్లీ సన్నని సెగ మీద పెడతాం. అప్పుడు ఆ అంచు మీద రంగు పాకుతుంది. ముందు ఎండు గడ్డి రంగు, తర్వాత గోధుమ రంగు, ఆపైన ఊదా, చివరికి నీలం. ఏ రంగు దగ్గర సెగ తీస్తామన్నదాని మీదే బ్లేడు ఆయుష్షు ఉంటుంది. పానం పెట్టడం అంటే ఇదే. ఇంతవరకు ఏ కమ్మరిని అడిగినా చెబుతాడు. మా షాపులో దీనికి ముందు ఒక పని, దీని తర్వాత ఒక పని ఉన్నాయి. మా నాన్నా నేనూ కలిసి పట్టుకున్నవి.

నా కట్టర్‌ను కాపీ కొట్టినవాళ్లు బ్లేడును కూడా కొలిచి చేశారు. కొలతలు అచ్చుగుద్దినట్టు దిగాయి, పానం దిగలేదు. వారం తిరక్కుండా మొద్దుబారిపోతుంటే ఫ్యాక్టరీలవాళ్లు బ్లేడ్ల కోసం మళ్లీ నా దగ్గరికే వచ్చారు. దీన్ని నేను పేటెంట్‌కు పెట్టి ఉంటే? అప్లికేషన్ 18 నెలలకు అందరూ చదివేలా ప్రచురిస్తారు. 20 ఏళ్ల తర్వాత ఎవరైనా చేసుకోవచ్చు. ఆ లోపల కూడా, ఎవడి షాపులో ఏ సెగ మీద ఏం చేస్తున్నాడో నేను వెళ్లి నిరూపించలేను.

గుట్టుకు ఫీజు లేదు, గడువు లేదు. కానీ కాపలా ఉంది. మన దేశంలో వ్యాపార రహస్యాలకు ప్రత్యేకంగా చట్టం లేదు. ఒప్పందాల మీదే ఆధారపడాలి. పనివాడితో "ఇక్కడ నేర్చుకున్న రహస్యం బయట చెప్పను" అని రాయించుకోవచ్చు. "ఇక్కడ మానేశాక ఇంకెక్కడా పనిచేయను" అని రాయించుకుంటే మాత్రం 1872 నాటి కాంట్రాక్టు చట్టం ముందు అది నిలవదు. అలా రాయించుకోవడం ధర్మమూ కాదు, వాడి పొట్ట కొట్టినట్టే. నేను చేసే పని ఏమిటంటే, ముందు పని ఒకరికి, తర్వాతి పని ఇంకొకరికి నేర్పుతాను, జీతం బాగా ఇస్తాను. ఇంకో సంగతి, ఎవరైనా తనంతట తాను కష్టపడి అదే పానం పట్టుకుంటే నేను ఆపలేను.

డిజైన్: ఇంట్లో వాడే వస్తువులకు

2000 నాటి డిజైన్ల చట్టం కింద ఆకారం, గీతలు, నమూనా, అలంకరణ వంటి కంటికి కనిపించే రూపానికి రక్షణ దొరుకుతుంది. ఒక మనిషి వేసుకుంటే 1,000 రూపాయలు. మొదట 10 ఏళ్లు, తర్వాత ఇంకో 5 పొడిగించుకోవచ్చు. పేటెంట్ కన్నా చాలా త్వరగా పని అవుతుంది. పనితీరుకు మాత్రం ఇందులో చోటు లేదు. గిన్నె మూతి వంపు అందం కోసమైతే సరే, కేవలం పోయడానికి వీలు కోసమే అయితే కుదరదు.

ఫ్యాక్టరీలో వాడే మిషన్‌కు డిజైన్ రిజిస్ట్రేషన్ చేయించడం నా లెక్కలో దండగ. కట్టర్ కొనేవాడు అందం చూడడు. వంటింట్లోకి వెళ్లే వస్తువు సంగతి వేరు. కుక్కర్, ఫ్లాస్కు, కొబ్బరికోరు, గ్రైండర్ ఇవన్నీ షాపులో కంటిని లాగి అమ్ముడవుతాయి. ఒక బలహీనత తెలుసుకోండి. కాపీ కొట్టినవాడి నుంచి చట్టం నిర్ణయించిన మొత్తం రాబట్టాలంటే ఒక డిజైన్‌కు అన్నీ కలిపి 50,000 దాటదు. అంతకన్నా నష్టపోయామంటే నష్టపరిహారం కోసం దావా వేయాలి.

మిగతా దారులు

ట్రేడ్‌మార్కు పేరుకు, గుర్తుకు సంబంధించింది. ఒక మనిషికి ఒక్కో క్లాసుకు (సరుకు రకానికి) 4,500, పదేళ్లకోసారి రెన్యువల్, ఎన్నేళ్లైనా నిలబెట్టుకోవచ్చు. మీ మిషన్ గుట్టు అందరికీ తెలిసినా, మీ పేరు చూసి కొనేవాళ్లుంటే ఇదొక్కటే చాలు.

జీఐ అంటే ఒక ప్రాంతపు సరుకుకు ఆ ప్రాంతం పేరుతో వచ్చే గుర్తింపు. అది ఒక్కరికి వచ్చేది కాదు, ఆ ప్రాంతపు పనివాళ్లందరిదీ. బొబ్బిలి వీణకూ, బుడితి ఇత్తడి పనికీ ఉంది. కోయంబత్తూరు వెట్ గ్రైండర్‌కు కూడా జీఐ ఉంది, కాబట్టి మిషన్లకు రాదని అనుకోవద్దు.

చాలామంది పట్టించుకోని దారి ఒకటుంది. అదేమిటంటే కొత్తగా కనిపెట్టకపోవడం. గడువు తీరిన పేటెంట్లు, ఫీజు కట్టక ఆగిపోయినవి వేలకొద్దీ ఉన్నాయి. డ్రాయింగులతో సహా ఉచితంగా చదువుకోవచ్చు. పేటెంట్ ఏ దేశంలో తీసుకుంటే ఆ దేశానికే పరిమితం. అమెరికాలో మాత్రమే ఉన్న పేటెంట్ ఇక్కడ తయారుచేసి ఇక్కడ అమ్ముకునేవాణ్ణి ఆపదు. ఇండియాలో అదే ఆవిష్కరణకు పేటెంట్ ఉందో లేదో మన పేటెంట్ ఆఫీసు సైట్‌లో చూసుకుని దిగండి. నేను ఈ మధ్య రెండు వారాలు రాత్రిపూట గూగుల్ పేటెంట్స్‌లో అక్రోట్లు పగలగొట్టే మిషన్లు చదివాను. 22 ఏళ్లలో నాకు తట్టని ఆలోచనలు అందులో దొరికాయి.

పేటెంట్ తీసుకుని కూడా అందరికీ వదిలేసినవాళ్లున్నారు. కార్లలో మూడు చోట్ల బిగించే సీటు బెల్టును వోల్వో ఇంజనీరు నిల్స్ బోలిన్ 1959లో తెస్తే, కంపెనీ దాన్ని ఇతర తయారీదారులంతా వాడుకోనిచ్చింది. కాళ్లూ చేతులూ కాపాడే గార్డుల వంటివి చేసినప్పుడు నేనూ డ్రాయింగులు అడిగినవాళ్లకల్లా ఇస్తాను.

మా మేనల్లుడికి చెప్పింది

వాడి మిల్లును ఫోన్‌లోనే నాలుగు ముక్కలు చేయించాను. పొట్టు తీసే అమరిక విప్పితే తెలిసిపోతుంది. దానికి ఈ నెలలోపే ప్రొవిజనల్ వేయమన్నాను. పైతొడుగు ఆకారం బాగుందట, దానికి డిజైన్ వేయమన్నాను. ఈ రెండూ స్టాల్ తెరవకముందే జరగాలి. స్టాల్‌లో "పేటెంట్‌కు దరఖాస్తు చేశాం" అని బోర్డు పెట్టొచ్చు గానీ "పేటెంట్ ఉంది" అని పెట్టకూడదు. రాని పేటెంట్‌ను వచ్చిందని రాస్తే జరిమానా పడుతుంది. పేరుకు ట్రేడ్‌మార్కు ఈ ఏడాదిలో నెమ్మదిగా వేసుకోవచ్చు.

లోపల ఒక భాగానికి వాడు తానే కలిపి తయారుచేసుకున్న సరుకు ఉందట. దాన్ని గుట్టుగా ఉంచుతానన్నాడు. అక్కడ ఆపాను. పేటెంట్ అడిగే భాగం బాగా పనిచేయడానికి ఆ సరుకే ఆధారమైతే దాచడం కుదరదు. మనకు తెలిసిన మేలైన పద్ధతిని పూర్తి అప్లికేషన్‌లో రాయాలని చట్టం ఉంది. దాచితే రేపు ఆ కారణంతోనే రద్దు చేయించొచ్చు. బజారులో దొరికే మామూలు సరుకుతోనూ ఆ అమరిక పనిచేసి, వాడి సరుకు వల్ల ఆ భాగం మన్నిక మాత్రమే పెరుగుతుంటే సంగతి వేరు. అది తేలాలంటే రెండిటితోనూ మిల్లు నడిపి చూడాలి.

బుధవారం రాజాం వెళ్తున్నాను. స్పానర్ సెట్టు తీసుకెళ్తాను. పక్క షాపువాణ్ణి అనుకుని ఒక గంటలో నేను ఆ మిల్లును విప్పి ఎంత పట్టుకోగలనో చూడాలని మా ఇద్దరి ఒప్పందం. ఆ సరుకులో ఏం కలిపాడో మాత్రం నాకు చెప్పొద్దన్నాను. వాడు నవ్వి, "నువ్వు కూడా సంతకం పెట్టాలి మావయ్యా" అన్నాడు. గోప్యత కాగితం టైపు చేయించి ఉంచమన్నాను. మిల్లు మీద టార్పాలిన్ తీసేముందే సంతకం పెడతాను.